లాండ్రీ మోటారుకు పెట్టిన బొట్టు

ఈ కాలం పిల్లలకు ఇంట్లో బట్టలుతికే మిషను ఆగిపోతే పెద్ద చింతేమీ లేదు. ఫోను చేస్తారు. ఒకడు బ్యాగు తగిలించుకుని వస్తాడు, మూత తియ్యకుండానే బోర్డు పోయిందంటాడు, మీరు నమ్ముతారు. మిమ్మల్ని వెక్కిరించాలని నోటిదాకా వస్తుంది గాని మింగేస్తాను. ఎందుకంటే మా ఖరగ్‌పూర్లో ఒక బట్టల మిషను మోటారు మాటిమాటికీ కాలిపోతుంటే, మూత తీసి చూసిన ఘనులం మేము కూడా కారణం చెప్పలేదు. కారణం ఆ మూత మీదే ఉంది. దాన్ని వేలితో తాకి, కళ్ళకద్దుకుని, మళ్ళీ బిగించేవాళ్ళం.

అరవైల నాటి మాట. నేను రైల్వే వర్క్‌షాపులో కరెంటు పని చేసేవాణ్ణి. కాలిపోయిన మోటార్లు వస్తే పాత తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, పరీక్ష చేసి పంపడం మా సెక్షను పని. సెక్షనులో సగం మంది బెంగాలీలు, సగం మంది మా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళ కొడుకులు, మనవలు. ఊరి ప్లాట్‌ఫారం పొడుగు గురించి గొప్పలు చెప్పుకోవడంలో ఇద్దరిదీ ఒకే మాట. మిగతా అన్నిటిలోనూ పోటీయే. ఎవరి నాటకం బాగా ఆడింది, ఎవరి చేపల పులుసు ఘాటుగా ఉంది, ఎవరి దేవుడికి ఎక్కువ కొబ్బరికాయలు కొట్టారు.

ఆ చివరి పోటీ గురించే చెప్పాలి. వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో బెంగాలీలు విశ్వకర్మ పూజ చేస్తారు. ఆ రోజు పనిముట్టు ముట్టరు. ప్రతి మిషనుకూ నూనెలో కలిపిన సిందూరం పూసి దండ వేస్తారు. కొన్ని వారాలకే దసరా, మన వాళ్ళ ఆయుధ పూజ. బెంగాలీ సిందూరం ఉన్న చోట మన పసుపు పడకపోతే మన దేవుడికి చిన్నతనం కదా! అందుకని దాని మీదే పసుపు ముద్ద, దాని మీద కుంకం, పైన అక్షింతలు. అందరికీ ఏడాదికొక పూజ అయితే మా మిషన్లకు రెండు. దేవుడికి పూజ ఎక్కువైతే ఏమవుతుందో నాకు తెలియదు. మోటారుకు ఎక్కువైతే ఏమవుతుందో మాత్రం తెలుసు.

ఊళ్ళోని రైల్వే ఆస్పత్రి లాండ్రీలో పాతకాలపు మిషను ఉండేది. దొరలు వదిలిపోయిన సామాన్లలో అదొకటి. అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద పీపా, దాని పొట్టకో తలుపు, కింద నేలకు బిగించిన మోటారు, రెంటినీ కలుపుతూ బెల్టు. మోటారు రెండు చివర్ల మూతలకూ సన్నటి చీలికలుంటాయి. లోపలి ఫ్యాను ఒక చివర నుంచి గాలి పీల్చి రెండో చివర నుంచి వదులుతుంది. ఆ గాలే దానికి ప్రాణం. ఇంతకు మించి సాంకేతికం మీకు అక్కర్లేదు. మాకూ అక్కర్లేకపోయింది, అదే వచ్చిన చిక్కు.

ఆ మిషను నడిపేది మా వాళ్ళావిడే. నాకంటే పెద్దది, మా వైపు అక్కను పిలిచినట్టు అప్పా అని పిలిచేవాణ్ణి. భర్త పోయాక ఆయన బదులు ఇచ్చిన ఉద్యోగం అది. ఉద్యోగంతో పాటే తలదాచుకునే క్వార్టరు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచాన పడ్డ అత్త. నోరు మాత్రం రంపం. లాండ్రీ గోలలో అరిచి అరిచి అలా అయిపోయిందని కొందరు సర్దిచెప్పేవారు. అబద్ధం, ఆవిడ పుట్టుకే అంత.

మోటారు మొదటిసారి ఒక దసరా వెళ్ళిన కొద్ది రోజులకు కాలింది. తెచ్చాం, తీగ చుట్టాం, బల్ల మీద పెట్టి తిప్పాం. చల్లగా తిరిగింది. బల్ల మీద మొయ్యడానికి దానికి బరువేముంది గనక, ఇంటల్లుడిలా హాయిగా తిరుగుతుంది. మా ఫోర్‌మన్ బెంగాలీ ఆయన, బుగ్గన కిళ్ళీ తీయకుండానే సంతకాలు పెట్టేవాడు. ఆయనకు తెలిసిన రోగం ఒక్కటే, ఓవర్‌లోడ్. మోటారు కాలినా, ఫ్యూజు పోయినా, ఇంట్లో పిల్లాడికి అజీర్తి చేసినా ఓవర్‌లోడే. కాగితం మీద అదే రాసి పంపాడు.

పంపే ముందు మా పెద్ద మేస్త్రీ దానికి పూజ చేశాడు. ఈయన మా తెలుగువాళ్ళలో పెద్ద. కాలనీలో పెళ్ళికైనా, చావుకైనా, అన్నదమ్ముల తగువుకైనా ఈయన కుర్చీ వెయ్యాల్సిందే. మోటారు దిష్టి తగిలి కాలిందని తేల్చి, నిమ్మకాయ కోసి, నేల మీద ఉండగానే నాలుగు వైపులా పసుపూ కుంకమూ దట్టించాడు. చూసిన బెంగాలీ వాళ్ళు ఊరుకుంటారా? వాళ్ళూ వచ్చి సిందూరం పట్టించారు. మోటారు పెళ్ళికొడుకులా తయారై లాండ్రీకి వెళ్ళింది. కొన్నాళ్ళకు మళ్ళీ కాలి వచ్చింది.

రెండోసారి మూతలు విప్పినప్పుడు వాటి మీద అట్టకట్టిన ముద్దను నేనూ చూశాను, అందరూ చూశారు. దానికి దుప్పట్ల, కంబళ్ళ నూగు అంటుకుని మందంగా పేరుకుంది. గీకితే పోతుంది. కాని గీకేదెవరు, బొట్టు కదా! మూతలను భద్రంగా పక్కన పెట్టి, తీగ చుట్టి, మళ్ళీ అవే మూతలు బిగించాం. ఈసారి నిమ్మకాయ చాలదని గుమ్మడికాయ కొట్టారు. మోటారు కాలిన కొద్దీ పూజ పెద్దదైంది, పూజ పెద్దదైన కొద్దీ మోటారు తొందరగా కాలింది. ఈ లెక్క ఎంత తెలివితక్కువవాడికైనా అంతుపట్టాలి. మా సెక్షనులో ఎవరికీ పట్టలేదు.

ఆ తర్వాత ఒక విచిత్రం జరిగింది. మోటారు చాలా కాలం కాలలేదు. ఎండాకాలం వచ్చింది, ఖరగ్‌పూర్ ఎండలకు మనుషులే మాడిపోయారు గాని మోటారు చెక్కుచెదరలేదు. గుమ్మడికాయ మహిమ అని మేస్త్రీ మీసం దువ్వాడు. తీరా వానాకాలం పోయి విశ్వకర్మ పూజకు అందరూ సిందూరం పట్టుకుని లాండ్రీకి వెళ్ళేసరికి, మోటారు నల్లగా, బోసిగా ఉంది. ఒక్క చుక్క బొట్టు లేదు. ఆవిడ కిరసనాయిలు గుడ్డతో రోజూ తుడిచేసేదట. తడి దుప్పట్లు బయటికి లాగుతుంటే ఎర్రగా అంటుకుంటున్నాయని. ఆస్పత్రి దుప్పటి మీద ఎర్ర మరక కనబడితే అది కుంకమని ఎవరనుకుంటారు? మేట్రను ఆవిణ్ణి పిలిచి నానా మాటలూ అందట.

ఆ కబురు కాలనీ అంతా పాకింది. మొగుడు పోయినావిడ, దేవుడి బొట్టు తుడిచింది! మేస్త్రీ ఇంటికి పిలిపించి గడ్డి పెట్టాడు. ఇక మీద మోటారు మీద చెయ్యి వేస్తే ఊరుకోనన్నాడు. ఆ ఏడాది విశ్వకర్మకూ దసరాకూ పాత బాకీ తీరుస్తున్నట్టు రెట్టింపు పట్టించారు. దీపావళి రాకముందే మోటారు కాలింది.

ఇప్పుడు చూడండి మా వాళ్ళ తర్కం. తుడిచినన్నాళ్ళూ తిరిగింది, పూసిన వెంటనే కాలింది. అయినా తుడిచినందుకే కాలిందని తీర్మానం. కాగితం మీద ఆ మాట రాయలేరు గనక ఫోర్‌మన్ తన పాత రోగమే రాశాడు, ఓవర్‌లోడ్. ఈసారి దానికో మనిషిని కూడా జోడించాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పట్టినన్ని బట్టల కంటే ఎక్కువ కుక్కి ప్రభుత్వ యంత్రాన్ని నిర్లక్ష్యంగా పాడుచేసిందని ఆవిడకు చార్జిషీటు వచ్చింది. రుజువైతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఇద్దరు పిల్లల్నీ, లేవలేని అత్తనూ తీసుకుని ఎక్కడికి పోవాలో రాసే గడి ఆ కాగితంలో లేదు.

మూడోసారి తీగ చుట్టిన మోటారును బిగించే పని నాకు పడింది. మళ్ళీ పూజ చేసే పంపారు, అది చెప్పక్కర్లేదు. బిగించి, నడుపు అప్పా, చూస్తాను, అన్నాను. ఆవిడ నా ఎదురుగానే దుప్పట్లు తూచి వేసింది. ఎక్కువ లేవు. కాసేపటికే మోటారు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. ఫ్యూజులు చూశాను, బెల్టు బిగువు చూశాను, బేరింగు చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. ఏమీ తోచక బీడీ కట్ట మీది పల్చటి కాగితం చింపి, గాలి బయటికి రావలసిన చీలికల దగ్గర పట్టుకున్నాను. కాగితం కదల్లేదు. లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది. కాగితం మాత్రం ఊరి పెద్దలా బిర్రబిగుసుకుని ఉంది.

"ఏటి తమ్ముడా, కాయితం ఎట్టి సూస్తన్నావు? దానికి జొరమొచ్చినాదేటి?" అంది ఆవిడ.

"ఊపిరాడట్లేదు అప్పా."

"ఆడతాదేటి? ముక్కూ మూతీ మూసీసి పూజలు సేస్తే నీకైనా ఆడతాదేటి? నాను తుడిసినప్పుడు బాగానే ఉన్నాది కదా."

తుడిస్తే బాగుండేదని ఆవిడకు తెలుసు. ఎందుకో తెలియదు, మరకల గోల తప్ప ఆవిడకు ఇంకేం పట్టలేదు. ఎందుకో తెలియాల్సిన మేము జీతాలు తీసుకుంటూ కొబ్బరి ముక్కలు నమిలాం.

నేను వెళ్ళి ఫోర్‌మన్‌కు చెప్పాను. ఆయన కిళ్ళీ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చాడు. "ఠాకురేర్ నామే రిపోర్ట్? మాథా ఖారాప్ నాకి?" అన్నాడు. దేవుడి మీద రిపోర్టా, నీకేమైనా పిచ్చా అని. తర్వాత గొంతు తగ్గించి, తమ సిందూరం పల్చగా ఉంటుందనీ, ఆ ముద్దంతా తెలుగువాళ్ళ పసుపేననీ అన్నాడు. మేస్త్రీ దగ్గరకు వెళ్ళాను. "మన పసుపు పొడిగుంటాదిరా, రాలిపోతాది. ఆళ్ళు నూనెలో కలిపి పూస్తారు సూడు, అదే జిడ్డు," అన్నాడు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ ఎవరి పిడికెడు వాళ్ళు ఎదుటివాడి మీద పోసేసి, మిగిలిందంతా ఆ మనిషి నెత్తిన పెట్టారు.

విచారణ రోజు వచ్చింది. అధికారి మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. ఇస్త్రీ మడత చెదరకుండా కూర్చోవడమే పెద్ద చదువు అనుకునే రకం. తెలుగు రాదు, హిందీ నాలుగు ముక్కలు. లాండ్రీలోనే కుర్చీ వేశారు. ఫోర్‌మన్ ఓవర్‌లోడ్ అని ఒప్పజెప్పాడు. తర్వాత మేస్త్రీ చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు. వచ్చీరాని హిందీలో, సాబ్, ఈ మనిషి మిషను మీద భక్తి లేనిది, పూజ చేసిన బొట్టు తుడిచేసింది, పనివాళ్ళందరి మనసూ నొచ్చుకుంది, అప్పటినుంచే ఈ అరిష్టం అన్నాడు.

ఆవిడ అంతవరకూ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆ మాటతో ఒక్క అంగలో ముందుకొచ్చేసింది.

"బొట్టు తుడిసినానంట! మేస్త్రీ బాబూ, మా ఆయన పోయిన పదోనాడు కుర్సీ ఏసుకుని కూకున్నోరు మీరు కాదా? నా బొట్టు తుడిపించినోరు మీరు కాదా? నాను వద్దని కాళ్ళు అట్టుకుంటే, పద్దతి పద్దతే అన్నోరు మీరు కాదా? మడిసి నుదురు మీద బొట్టు తుడిసినారు. ఆ రోజు ఏ మోటారు కాలిపోనాది? ఏ దేవుడికి కోపమొచ్చినాది? ఇనుప ముక్క మీద తుడిస్తే మాత్రం మీ కడుపులు కాలిపోతన్నాయి!"

లాండ్రీలో మిషను ఆగి ఉంది. ఆ మాటలు అందరికీ వినబడ్డాయి. మేస్త్రీ ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియక గోడకేసి చూశాడు.

"వాట్ ఈజ్ షి సేయింగ్?" అని అధికారి నన్నడిగాడు. అక్కడున్న తెలుగువాళ్ళలో ఇంగ్లీషు ముక్కలు ఏరుకోగలిగింది నేనొక్కణ్ణే.

మేస్త్రీ నా చొక్కా పట్టుకు లాగాడు. "ఒరే, మనోళ్ళ గొడవ దొరకెందుకురా. మోటారు గురించి ఏటో సెప్పేసి ఊరుకో."

అంతవరకూ నేను మంచివాణ్ణే. ఎవరి మాట వారికి చెప్పి అందరితోనూ బాగుండే రకం. ధైర్యం వచ్చిందని గొప్పలు పోను, ఒళ్ళు మండింది. నా వర్క్‌షాపు ఇంగ్లీషులో ఆవిడ అన్నదంతా చెప్పాను. కుర్చీ దగ్గర్నుంచి కడుపుల దాకా ఒక్క మాట వదల్లేదు. వ్యాకరణం ఘోరంగా ఉండి ఉంటుంది. అర్థం మాత్రం అందింది, ఎందుకంటే అధికారి కాసేపు తన బూట్లకేసి చూసుకున్నాడు. వాళ్ళ ఊళ్ళోనూ ఇలాంటి కుర్చీలు ఉండే ఉంటాయి.

తర్వాత తలెత్తి, మోటారు సంగతేమిటని అడిగాడు. నేను బీడీ కాగితం తీశాను. మిషను నడిపించి, చీలికల దగ్గర పట్టి చూపించాను. కదల్లేదు. గీకండి అన్నాడాయన. మా వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బెంగాలీ హెల్పరు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మన హెల్పరు రామ రామ అన్నాడు. ఫోర్‌మన్‌కు ఉన్నట్టుండి కిళ్ళీ ఉమ్మాల్సిన అవసరం వచ్చి బయటికి పోయాడు.

ఆవిడే గట్టు మీద నుంచి సబ్బు చెక్కే కత్తి తెచ్చింది. మిషను ఆపించి, కింద చతికిలబడి గీకింది. తన చెయ్యి సగమే అందే గోడవైపు మూత కూడా నేను విప్పి ముందు పెట్టాను. పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. ఎరుపు, మీద పసుపు, నూగు, మళ్ళీ ఎరుపు, మళ్ళీ పసుపు, మధ్యలో గట్టిపడ్డ బియ్యం గింజలు. ఇద్దరు దేవుళ్ళ పోటీ అంతా వరస తప్పకుండా అక్కడ పేరుకుని ఉంది. ఎవరి సిందూరం పల్చనో, ఎవరి పసుపు పొడో చూద్దామని మేస్త్రీ కూడా వంగి చూసి, మోకాళ్ళు దులుపుకుని లేచాడు.

మూత బిగించి నిండా దుప్పట్లు వేసి నడిపాం. ఈసారి కాగితం నా చేతిలోంచి ఎగిరిపోయింది. అధికారి మధ్యాహ్నం దాకా కదల్లేదు, టీ కూడా అక్కడే తెప్పించుకున్నాడు. మధ్యమధ్య లేచి తానే మోటారు మీద చెయ్యి పెట్టి చూశాడు. నులివెచ్చగా ఉంది. ఇస్త్రీ చొక్కా చెమటకు ముద్దయిపోయినా పట్టించుకోలేదు. ఆయన గురించి నేను ముందన్న మాటల్లో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం ఎందుకుంచానంటే, ఆయన రిపోర్టులో దేవుడి ఊసు గాని, మా ఊసు గాని లేదు. కంబళ్ళ నూగు పేరుకుని గాలి ఆడలేదు, ఆపరేటరు తప్పేమీ లేదు, అంతే. నేరం కంబళ్ళ మీదికి పోయింది. కంబళ్ళకు యూనియన్ లేదు, కులపెద్ద లేడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆవిడ చార్జిషీటు రద్దయింది, క్వార్టరు నిలిచింది.

ఒక్కటి మాత్రం ఆయన గట్టిగా చెప్పాడు. మోటారుకు ఏదీ పూయకూడదు, పూజ చేసుకోవాలంటే గోడకు పటం పెట్టుకోమన్నాడు. ఎవరి పటం అని మళ్ళీ తగువు. చివరికి రెండు పటాలు పక్కపక్కన కొట్టారు. ఏది అంగుళం ఎత్తుగా ఉందో చూడ్డానికి టేపు కూడా తెచ్చారంటే మీరు నమ్మరు.

మరుసటి దసరాకు లాండ్రీలో పూజ పటానికే జరిగింది. ఆస్పత్రి దుప్పట్లకు పండగ లేదు గనక మిషను పక్కన తిరుగుతూనే ఉంది. మేస్త్రీ పళ్ళెం పట్టుకుని వరసగా అందరి నుదుటనా కుంకం పెట్టుకుంటూ వచ్చాడు. బెంగాలీ వాళ్ళకు పెట్టాడు, నాకు పెట్టాడు, పొరపాటున లోపలికి వచ్చిన పాలవాడికి కూడా పెట్టాడు. ఆవిడ దగ్గరకు వచ్చేసరికి ఆయన వేలు ఆగింది. నలుగురం చూస్తున్నాం. ఈ మనిషి ఇప్పుడైనా పెడతాడేమో అని నాకు పిచ్చి ఆశ కలిగింది. ఆయన వేలు పంచెకు తుడుచుకుని, ఆవిడ చేతిలో కొబ్బరి ముక్క పెట్టి, తర్వాతి మనిషి దగ్గరకు జరిగాడు.

ఆవిడ ఆ కొబ్బరి ముక్కను నోట్లో వేసుకోలేదు. ఆయన్ని వెనక్కి పిలిచింది.

"మేస్త్రీ బాబూ, మోటారుకి ఏడాదై బొట్టు లేదు. ఎలాగున్నాదో సెయ్యెట్టి సూసి పొండి."

ఆయనకు ఒప్పుకోక తప్పలేదు, అందరం చూస్తున్నాం మరి. పళ్ళెం నాకు అందించి, మోకాలు పట్టుకుని మెల్లగా వంగి, బోసి మోటారు మీద చెయ్యి పెట్టాడు. వెంటనే తియ్యలేదు. కాలితే గదా తియ్యడానికి.

"సల్లగుందా?" అని అడిగింది ఆవిడ.

"ఉంది," అన్నాడు ఆయన, తలెత్తకుండా.

"నానూ అలాగే ఉన్నాను బాబూ," అని ఆవిడ వెళ్ళి తర్వాతి దుప్పట్లు మిషనులో వేసుకుంది.